లోపల కూర్చున్న మనిషి

బానెట్ అంచు మీద పెద్దల్లుడు వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. లోపల సీట్లో ఉన్న చిన్నల్లుడు ఎక్సలేటర్ కొద్దిగా తొక్కాడు. ఇంజను గొంతు పెరిగింది. రెండుసార్లు కొట్టాడు. కాలు అక్కడే నిలిచిపోయింది. ఇంజను మాత్రం నిలవలేదు. పైకి లేచి, తడబడి, కిందికి జారి, మళ్ళీ లేచింది. ఏదో చెప్పబోయి మింగేసుకునే మనిషి వరస దానిది.

పెద్దల్లుడు టార్చిలైటు పళ్ళ మధ్య పట్టుకుని, లోపలికి పోయే గాలి ఎంతో చెప్పే సెన్సారు ప్లగ్గు ఊడబీకాడు. ఇంజను ఉలిక్కిపడి ఆగిపోబోయింది. అంటే ఇది మంచిదే. ప్లగ్గు మళ్ళీ పెట్టి, క్లిప్పు పడిన చప్పుడు వేళ్ళకు తెలిసేదాకా నొక్కి, అరచేత్తో బానెట్ మీద చరిచాడు. ఇంజను ఆగింది. దానితోపాటు వణుకుతున్న షెడ్డు రేకులూ ఊరుకున్నాయి.

ఒక దెబ్బకు పెంచడం, రెండు దెబ్బలకు నిలపడం, అరచేతి దెబ్బకు ఆపడం. ఇంజను రొదలో అరిస్తే గొంతు పోవడం తప్ప ప్రయోజనం లేదని మామగారు పెట్టిన పద్ధతి అది. ఆయన బతికున్నప్పుడు ఆయన కొట్టేవాడు, పెద్దల్లుడు లోపల కూర్చునేవాడు. చిన్నల్లుడు వచ్చాక సీటు అతనిదయింది, పెద్దల్లుడు బానెట్ ముందుకొచ్చాడు. మామగారు పోయాక ఆ ఏర్పాటు మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఆ వీధిలో వాళ్ళకు వేరే పేర్లు లేవు. షెడ్డు మామగారిది, ఆయన కూతుళ్ళిద్దరినీ చేసుకున్నవాళ్ళు వీళ్ళిద్దరూ. పెద్దల్లుడికి కణతలు నెరిశాయి, ఎడమ మోకాలు మాట వినడం మానేసింది. అయినా అల్లుడే. "అల్లుడంటే అత్తారింట్లో మంచం దిగకూడదయ్యా, బండి కింద పడుకోవడమేమిటి" అని ఎదురు కొట్టు వడ్రంగి ఇన్నేళ్ళుగా ఒకే మాట అంటాడు. పెద్దల్లుడు మొదటిరోజు ఎంత నవ్వాడో ఇప్పటికీ అంతే నవ్వుతాడు. ఎక్కువ నవ్వితే ఇంకో మాట అంటాడని, తక్కువ నవ్వితే నొచ్చుకుంటాడని.

అలా కొలిచి నవ్వే మనిషి అతను. కొలిచే మాట్లాడతాడు. షెడ్డుకు మొదట వైర్లు అతికే పనికి వచ్చాడు. మామగారు అతన్ని అల్లుడిగా ఎందుకు ఎంచుకున్నాడో ఎవరికీ చెప్పలేదు గానీ, ఓపిక చూసి ఎంచుకున్నాడని భార్య అంటుంది. ఆ మాట మెచ్చుకోలో ఫిర్యాదో అతనికి ఎప్పుడూ తేలలేదు.

మొన్న ఆ భార్యే బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా, ఒక కబురు చెప్పింది. పెద్ద రోడ్డు మీద కొత్తగా కట్టిన సర్వీసు సెంటరు ఉంది కదా, అద్దాల గోడలది, చెల్లి మొగుడికి అక్కడ పని కుదిరిందట. ఒకటో తారీఖు నుంచి. తనకు చెల్లెలు చెప్పింది. మీ తమ్ముడే స్వయంగా చెప్పుకుంటాడట, మీరు మాత్రం తెలియనట్టే ఉండండి, అంది. తోడల్లుణ్ణి అతను తమ్ముడనే పిలుస్తాడు. అలాగే అన్నాడు. మడతపెట్టిన చొక్కాల దొంతర తీసుకెళ్ళి అలమరలో పెట్టాడు. పెట్టాక, తన చొక్కాలు భార్య అరలో పెట్టినట్టు చూసుకున్నాడు.

రేపు ఒకటో తారీఖు.

పొద్దున షట్టరు ఎత్తుతుంటే చెబుతాడనుకున్నాడు. షట్టరుకు రెండో వైపు చెయ్యి వేసి చిన్నల్లుడు ఎప్పటిలాగే ఎత్తాడు, ఎప్పటిలాగే రోడ్డు వైపు చూశాడు. టీ తాగేటప్పుడు చెబుతాడనుకున్నాడు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. ఇక బండి దగ్గరికొస్తే చెప్పే వీలెక్కడ? ఒకరు లోపల, ఒకరు బయట, మధ్యలో లేచి నిలబడ్డ బానెట్.

బండి నర్సమ్మది. ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసే నర్సు ఆమె. పాత కారు, ఆమె ఉద్యోగమంత వయసు దానిది. నెల రోజులుగా ఊరికే మిస్ కొడుతోంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఊగుతుంది, మలుపుల్లో ఆగిపోతుంది, కాసేపు బతిమాలితే మళ్ళీ కదులుతుంది. ఇంతకుముందు ఒకసారి తెచ్చింది. పెద్దల్లుడు పొగగొట్టం సెన్సారు మార్చి పంపాడు. వారం బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది.

పొద్దున స్కానరు తగిలిస్తే ఎక్సలేటర్ సెన్సారు చెడిందని చూపించింది. అది చెరిపేసి మళ్ళీ అడిగితే వేడి సెన్సారు అంది. ఇంకోసారి చెరిపితే, మొన్న మార్చిన కొత్త సెన్సారు పేరే చెప్పింది. అడిగిన ప్రతిసారీ ఒకడి మీద నేరం మోపుతోంది. పెద్దల్లుడు దాన్ని పక్కనపెట్టి తన పద్ధతికి వచ్చాడు. అనుమానం ఉన్న సెన్సారును ఇంజను నడుస్తుండగా ఊడదీసి చూడటం. మంచిదాన్ని తీస్తే ఇంజను బెదురుతుంది. చెడ్డదాన్ని తీస్తే పట్టించుకోదు, ఒక్కోసారి ఊపిరి పీల్చుకుని మునుపటికంటే బాగా నడుస్తుంది. కబురు రాని చోట బండిలోని కంప్యూటరు తానే ఒక అంచనా వేసుకుని, దాంతో కాలక్షేపం చేస్తుంది. తప్పు చెప్పేవాడితో వేగడం కంటే లేనివాడితో సర్దుకోవడమే దానికి సుళువు.

ఈ బండి ఏది తీసినా బెదిరింది. ఏది పెట్టినా తడబడింది.

వేడి సెన్సారు దగ్గరికి వచ్చినప్పుడు, వేళ్ళు ప్లగ్గు మీద ఉండగానే, పెద్దల్లుడికి ఒక ఆలోచన వచ్చింది. ఇది ఇవాళ తేలకపోతే?

పని సగంలో ఉన్న బండిని చిన్నల్లుడు ఎప్పుడూ వదిలి వెళ్ళలేదు. జ్వరంతో కూడా వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఇది తేలకపోతే రేపు కూడా వస్తాడు. కొత్త చోట ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుంది? ఆ ఒక్కరోజులో ఏమైనా మారొచ్చు. ఏం మారుతుందో అతను ఆలోచించలేదు. ఆ ఆలోచన చలిలో జేబులోకి పోయిన చెయ్యిలా వెచ్చగా ఉంది. చెయ్యి బయటికి తీయాలనిపించలేదు. వేడి సెన్సారు ప్లగ్గును అతను మామూలుకంటే నిదానంగా ఊడదీశాడు, మామూలుకంటే నిదానంగా తుడిచాడు.

మధ్యాహ్నానికి ముందే నర్సమ్మ వచ్చింది. తెల్ల బూట్లు, భుజాన సంచీ, నడకలో విసురు.

"ఏం పెద్దల్లుడూ, నా కారుకి జ్వరం తగ్గలేదా ఇంకా?"

చూస్తున్నానమ్మా అన్నాడు అతను.

"చూడ్డం నేనూ చూస్తాను. పక్కన కూర్చుని చూస్తే జబ్బులు పోయేటట్టయితే ఈ సంచీ మోసుకు తిరగడం దేనికి?" అని, కారు అద్దంలోంచి లోపలికి వంగి, "చిన్నల్లుడికి మర్యాద బాగానే జరుగుతోందే, దిగకుండా కూర్చోబెట్టారు" అంది. చిన్నల్లుడు నవ్వాడు. పెద్దల్లుడు ఆ నవ్వును విన్నాడు. అందులో ఏమైనా తేడా ఉందా అని వెతికాడు.

తర్వాత ఆమె నవ్వు మానేసి చెప్పింది. మిట్ట మీద ఇంట్లో ఒక పిల్లకు ఇవాళో రేపో కాన్పు. మొదటి కాన్పు, బిడ్డ అడ్డంగా ఉంది, నొప్పులు మొదలవగానే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పోయినసారి చూడ్డానికి వెళితే మిట్ట సగంలో బండి ఆగిపోయింది.

"అప్పుడంటే దిగి నడిచాను. నడవడం నాకు కొత్తేం కాదు. కానీ ఆ పిల్ల నొప్పులు నాకోసం ఆగవు కదా. సాయంత్రానికి వస్తాను, నువ్వు నాకు అవునో కాదో చెప్పాలి. కాదంటే ఇంకెవరి బండైనా చూసుకుంటాను, ఏమీ అనుకోను. మధ్యలో మాత్రం చెప్పకు."

ఆమె వెళ్ళాక పెద్దల్లుడు చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. గుడ్డ నల్లగా ఉంది, చేతులు నల్లగా ఉన్నాయి, దేన్ని ఏది తుడుస్తోందో తెలియలేదు. జేబులో వెచ్చగా దాచుకున్న ఆలోచన ఇప్పుడు అక్కడ ఉండకూడనిదిగా అనిపించింది. అయినా పోలేదు.

భోజనానికి ఇద్దరూ గోడవారగా బల్ల మీద కూర్చున్నారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పొద్దున ఒకే వంటింట్లో వండి, ఒకే గుడ్డలో కట్టి పంపిన డబ్బాలు. చిన్నల్లుడు తన డబ్బా మూత తీసి, తినకుండా, మూతలో పట్టిన ఆవిరిని చూస్తూ కూర్చున్నాడు.

"అన్నయ్యా" అన్నాడు.

పెద్దల్లుడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. వచ్చింది అనుకున్నాడు. వస్తే ఏమనాలో మొన్నటి నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి తోసుకొచ్చాయి. మంచిదే తమ్ముడూ అనాలి. ముఖం మామూలుగా పెట్టుకోవాలి.

"ఇంజను ఫ్యాన్ తిరిగినప్పుడల్లా వేడి చూపే ముల్లు కొంచెం పైకి లేస్తోంది. ఫ్యాన్ ఆగగానే దిగిపోతోంది."

పెద్దల్లుడు ముద్ద మింగాడు. ఏమీ రుచి తెలియలేదు.

"ముల్లు సంగతి వదిలెయ్. పాత బండి, పాత ముల్లు" అన్నాడు.

చిన్నల్లుడు డబ్బా ఖాళీ చేసి, రెండు డబ్బాలూ కడిగి, ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. ఒక మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నవాడికి వేరే మాట చేరదు. ఆ ముల్లు మాట పెద్దల్లుడి చెవి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. అతని మనసులో మిగిలింది ఒక్కటే. ఇప్పుడు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండ రేకుల మీదికొచ్చింది. పెద్దల్లుడు విడిభాగాల కొట్టు నుంచి కొత్త వేడి సెన్సారు తెప్పించి మార్చాడు. తేడా లేదు. ఎక్సలేటర్ సెన్సారు మార్చాడు. మొదట కాస్త నయమనిపించింది, అంతలో ఫ్యాన్ తిరగడం మొదలైంది, ఇంజను మళ్ళీ తడబడింది. గాలి ఎక్కడైనా కారుతోందేమోనని గొట్టాలన్నీ తడిమాడు. స్పార్కు ప్లగ్గులు తీసి, కొనల రంగు చూసి, మళ్ళీ బిగించాడు. ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు, అరచేత్తో చరిచాడు. ప్రతిసారీ లోపలి కాలు చెప్పినట్టు వింది. ఇంజను అంత వణుకుతున్నా ఆ కాలు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

ఆ నిలకడ వల్లే తను తేడాలు పసిగట్టగలుగుతున్నాడని పెద్దల్లుడికి తెలుసు. తెలిసినా, దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నేల గురించి ఎవరు ఆలోచిస్తారు? బండ్లవాళ్ళు వచ్చి పెద్దల్లుడి చెయ్యి మంచిదనేవారు. చిన్నల్లుడు అప్పుడు సీట్లోంచి దిగుతూ ఉండేవాడు, లేకపోతే సీటు మీద పరిచిన గోనెపట్టా దులుపుతూ ఉండేవాడు. ఆ మాటలు విన్నాడో లేదో. కొత్త చోట అతని చేత ఏం చేయిస్తారు? ఎక్సలేటర్ తొక్కడానికి మనుషుల్ని పెట్టుకుంటారా ఎక్కడైనా? ఆ ప్రశ్నలో కొంచెం వెటకారం ఉందని గ్రహించి పెద్దల్లుడు తన మీద తనే మొహం ముడుచుకున్నాడు. వెటకారం అడుగున ఉన్నది భయం. తన చెయ్యి ఒక్కటే మిగిలితే అది ఎంత మంచిదో రేపు తేలిపోతుంది.

ఎండ వాలింది. నర్సమ్మ వచ్చే వేళ దగ్గరపడుతోంది. కాదని చెప్పేస్తే సరిపోతుంది. ఇంకెవరి బండైనా చూసుకుంటుంది, తనే అంది. రేపు చూద్దాం లే తమ్ముడూ అనొచ్చు. ఆ వాక్యం నాలుక చివరికొచ్చింది. దాన్ని అక్కడే పట్టుకుని, ఆఖరిసారిగా అన్నట్టు బానెట్ అంచు మీద రెండుసార్లు కొట్టాడు.

అప్పుడు అతని చొక్కా మీద వెలుగు పడింది.

మొదట ఏమిటో అర్థం కాలేదు. కడుపు మీద రెండు పసుప్పచ్చని వలయాలు. బండి దీపాలు వెలిగాయి. వెలిగీ వెలగగానే ఇంజను తూలి, చచ్చేటంత కిందికి జారింది. దీపాలు ఆరాయి. ఇంజను లేచి నిలబడింది. మళ్ళీ వెలిగాయి, మళ్ళీ తూలింది. ఆరాయి, తేరుకుంది.

పెద్దల్లుడు అలాగే నిలబడిపోయాడు. మామగారు పెట్టిన సంకేతాలన్నీ బయటివాడు లోపలివాడికి చెప్పేవే. లోపలివాడు బయటివాడికి ఏదైనా చెప్పాలంటే గుర్తే లేదు. హారను ముట్టుకోకూడదు, బయట వంగి ఉన్నవాడు ఉలిక్కిపడి తల బానెట్‌కు కొట్టుకుంటాడు. అరిచినా వినపడదు. ఇన్నేళ్ళలో లోపలి నుంచి ఒక కబురు రావడం ఇదే మొదలు.

అతను పక్కకు వచ్చేసరికి చిన్నల్లుడు తలుపు తీసి దిగుతున్నాడు. ఇంజను నడుస్తూనే ఉంది.

"ఒకసారి నువ్వు కూర్చో అన్నయ్యా" అన్నాడు.

పెద్దల్లుడు కూర్చున్నాడు. సీటు అతనికి వెనక్కు ఉంది, కాలు చాచాల్సి వచ్చింది. ఎదురుగా అద్దం నిండా లేచి నిలబడ్డ బానెట్, మాసిన తెల్లరంగు, దాని మీద ఒక పాత గీత. దాని అడుగున వేలెడంత సందు. ఆ సందులోంచి మనిషి కనబడడు, మణికట్లు మాత్రం కనబడతాయి. వచ్చి పోయే చేతులు. తనూ ఒకప్పుడు కూర్చున్న చోటే, మరచిపోయాడు. ఇన్నేళ్ళూ ఇతను చూసింది ఇదన్నమాట అనుకున్నాడు. ఎన్ని బండ్లు, ఎన్ని రంగుల బానెట్లు. గోడకు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకు అన్నట్టు.

సందులో చిన్నల్లుడి చేతులు కనిపించాయి. ఒక వేలు చాచి దీపాల మీట వైపు చూపించాయి. పెద్దల్లుడు మీట తిప్పాడు. ఇంజను తూలింది, ఎదురుగా గుండ్రటి అద్దంలో వేడి ముల్లు పైకి ఎగిరింది. దీపాలు వేస్తే ఇంజను ఒక్క క్షణంలో వేడెక్కదు. ముల్లు వేడిని చూపడం లేదు, ఇంకేదో చూపిస్తోంది. బానెట్ ముందు నిలబడేవాడికి ముల్లు కనబడదు. ముల్లు చూసేవాడి మాట మధ్యాహ్నమే వచ్చింది.

చేతులు మందపాటి వైరు ఒకటి పట్టుకుని తిరిగి వచ్చాయి. ఒక కొన బ్యాటరీకి, రెండో కొన బండి ఒంటికి ఆనించాయి. ముల్లు కింద పడిపోయింది. ఇంజను గొంతులో తడబాటు, పొద్దుటి నుంచి, నెల నుంచి ఉన్న తడబాటు, ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. దీపాలు వెలుగుతున్నాయి. ఇంజను ఏకధాటిగా, అలవాటుపడ్డ నిద్రలా నడుస్తోంది.

బానెట్ మీద అరచేతి దెబ్బ పడింది. పెద్దల్లుడు ఇంజను ఆపాడు.

ఎర్త్ వైరు. బ్యాటరీ నుంచి బండి ఒంటికి పోయే తీగ. సెన్సార్లన్నీ దాని మీద నిలబడి కబుర్లు చెబుతాయి, అది కదిలితే అందరి మాటా ఒకేలా తప్పుతుంది. షెడ్డులో చేరిన మొదటిరోజు మామగారు నేర్పింది అదే, ఏ బండైనా ముందు ఎర్త్ చూడమని. పొద్దుటి నుంచి అన్నీ చూశాడు, అది చూడలేదు. మరచిపోయాడా? మరచిపోగలిగినది కాదు అది. చూడదలచుకోలేదా? రెండింటిలో ఏది అయినా ఒకటే సిగ్గు.

చిన్నల్లుడు స్పానరుతో బోల్టు తిప్పి తీగ కొన పైకి లేపాడు. దాని అడుగున ఉండాల్సింది మెరిసే ఇనుము. అక్కడ ఉన్నది నల్లరంగు. నున్నగా, దట్టంగా, కుంచె గీతలు కూడా కనబడేటట్టు.

వానలకు ముందు ఈ బండికే బ్యాటరీ కింది తొట్టి తుప్పుపట్టిపోతే పెద్దల్లుడు కొత్తది వేశాడు. చేసిన పని బట్టబయలుగా వదలకూడదని, చివర ఒక పూత నల్లరంగు వేసి పంపితేనే అది మన షెడ్డు పనని మామగారు అనేవాడు. ఆ పూత చూసి వీధిలో అందరూ గుర్తుపట్టేవారు. పెద్దల్లుడు ఆ రోజు తొట్టికీ, దాని పక్కకీ, తీగ కూర్చునే చోటుకీ శ్రద్ధగా పూశాడు. ఆరాక తీగ బిగించాడు. బోల్టు మరలు తగిలినంత కాలం నడిచింది. రంగు మీద కూర్చున్న తీగకు ఇనుము అందదు. అంత మామూలు సంగతి. ఎవరూ చేయని తప్పు, పని అందంగా ఉండాలనుకునేవాడు మాత్రమే చేసే తప్పు.

చిన్నల్లుడు ఆ నల్లటి చోటును చూశాడు. కుంచె ఎవరిదో అతనికి తెలుసు.

"రంగు బాగానే పట్టింది అన్నయ్యా" అన్నాడు.

దాంట్లో ఎత్తిపొడుపు లేదు. పెద్దల్లుడికి నవ్వు రాబోయి, రాలేదు. చిన్నల్లుడు గరుకు కాగితం మడిచి ఇనుము బయటపడేదాకా గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పొడి అతని గోళ్ళ కింద చేరుతోంది. అతను ఎప్పుడూ బానెట్ కింద ఇంతసేపు వంగి ఉండగా పెద్దల్లుడు చూడలేదు. వంగిన తీరు కొత్తవాడిది కాదు. చూసి చూసి, ఆ సందులోంచి చూసి నేర్చుకున్నాడేమో.

"రేపట్నుంచి వెళ్తున్నావంటగా" అన్నాడు పెద్దల్లుడు.

గరుకు కాగితం ఆగింది. "వదిన చెప్పిందా?"

"నువ్వు చెప్తావని చూశాను."

"చెబ్దామనే ప్రతిరోజూ వచ్చాను." చిన్నల్లుడు ఇనుము మీది పొడి ఊదాడు. "నువ్వు ఇక్కడుంటావు, నేను లోపలుంటాను. భోజనం దగ్గర చెప్పబోయాను, నీ మొహం చూసి ముల్లు సంగతి చెప్పాను."

పెద్దల్లుడు బోల్టు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అడగాల్సింది ఒకటుంది. ఉండిపో అనాలి. ఆ మాట చిన్నదే, మూడక్షరాలు. కానీ ఉండిపొమ్మంటే ఎక్కడ ఉండమన్నట్టు? ఆ సీట్లో. ఆ గోడకు ఎదురుగా. ఇప్పుడే కదా తను అక్కడ కూర్చుని లేచింది.

"అక్కడ ఏం పని ఇస్తారు?" అని అడిగాడు.

"ఇదే. బానెట్ కింద" అన్నాడు చిన్నల్లుడు. గీకిన చోటు వేలితో తడిమి, "వాళ్ళు పరీక్ష పెట్టారు. మూడు బండ్లిచ్చారు. మూడూ కనిపెట్టాను" అన్నాడు. చెప్పుకోవడం అలవాటు లేనివాడి గొంతు అది, చివరికొచ్చేసరికి సన్నబడింది.

పెద్దల్లుడు బోల్టు అతని చేతిలో పెట్టాడు. "గట్టిగా బిగించు" అన్నాడు. తర్వాత, ఆ మాట సరిపోలేదని తోచి, "నీ చేత్తోనే బిగించు" అన్నాడు.

బిగించాక పెద్దల్లుడి చెయ్యి తనంతట తనే రంగు డబ్బా వైపు పోయింది. సగం దూరం పోయి ఆగింది. చిన్నల్లుడు చూడనట్టు నటించాడు.

నర్సమ్మ వచ్చి అవునా కాదా అని అడిగింది. అవునన్నాడు పెద్దల్లుడు. తప్పు తన పూతదేనని, కనిపెట్టింది తమ్ముడని కూడా చెప్పాడు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇకనుంచి పేరంటానికి ముస్తాబు చేసినట్టు తన బండికి రంగులు పూయొద్దని చెప్పి, సంచీ పక్కసీట్లో పడేసి బయల్దేరింది. ఇద్దరూ రోడ్డు దాకా వచ్చి నిలబడ్డారు. బండి మలుపు దగ్గర నెమ్మదించింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి బిగబట్టారు. అది ఆగలేదు. మలుపు తిరిగి, మిట్ట వైపు ఎక్కుతున్న చప్పుడు పలచబడి, వీధి చప్పుళ్ళలో కలిసిపోయింది.

చిన్నల్లుడు కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, సబ్బుతో కడిగి, మళ్ళీ సబ్బుతో కడిగాడు. పనిచొక్కా విప్పి ఉండ చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. సంచీ అడుగు నుంచి కాగితంలో చుట్టిన కొత్త బూట్లు తీశాడు. రేపటికి కరవకుండా ఇవాళ కాస్త నడిచి అలవాటు చేసుకోమని భార్య చెప్పిందట, అదే సంజాయిషీలా అన్నాడు. బల్ల మీద కూర్చుని, లేసులు కట్టడం రానివాడిలా రెండుసార్లు విప్పి కట్టాడు. ఇళ్ళు పక్కపక్కనే. రేపు సాయంత్రం గుమ్మంలో కనబడతాడు, అక్కచెల్లెళ్ళు ఒకే వంటింట్లో వండుతారు. అయినా ఇద్దరికీ చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"వస్తానన్నయ్యా" అన్నాడు.

"ఊఁ" అన్నాడు పెద్దల్లుడు.

బూట్లు నేల మీద కొత్తగా చప్పుడు చేస్తూ వెళ్ళాయి. వడ్రంగి కొట్టులోంచి ఏదో అన్నాడు, ఈసారి పెద్దల్లుడు కొలవడం మరచిపోయాడు, నవ్వనే లేదు. పనిముట్లు తుడిచి వాటి చోట్ల పెట్టాడు. స్కానరు తీగ చుట్టాడు. రేపు పొద్దునకు ఒప్పుకున్న బండి మూలన నిలబడి ఉంది. దాని బానెట్ ఎత్తి చూడబోయి, లోపలి ఖాళీ సీటు వైపు చూసి, ఊరుకున్నాడు. షట్టరు దించబోయాడు. ఒక్కడి బలానికి అది ఒక పక్కకు ఒరిగి సగంలో ఇరుక్కుంది. సరిచేద్దామని మళ్ళీ లోపలికి వచ్చాడు.

బల్ల కింద, గోడవారగా, చిన్నల్లుడు షెడ్డులో వేసుకుని, ఇవాళ విడిచి వెళ్ళిన రబ్బరు చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. పెద్దల్లుడు మోకాలు నొప్పి మరచి వాటి ముందు కూర్చున్నాడు. కుడిచెప్పు, ఎక్సలేటర్ మీద నిలిచిన కాలిది, మడమ దగ్గర అరిగి అరిగి చిల్లు పడింది, అందులోంచి కింది సిమెంటు నేల గుండ్రంగా కనిపిస్తోంది. ఎడమచెప్పు మీద మాత్రం కొన్ననాటి గీతలు ఒక్కటీ చెరగలేదు.